రెండు మలక్‌పేట్‌లు

హైదరాబాద్‌కి మలక్‌పేట్‌లు రెండు. చాదర్‌ఘాట్ అవతల ఉన్నదాంట్లో రేస్‌కోర్స్ ఉంది, అక్కడ గుర్రం మీద పందెం కాయొచ్చు. శామీర్‌పేట వైపు, జీనోమ్ వ్యాలీ పక్కన ఉన్నది లాల్‌గడి మలక్‌పేట్. అక్కడ ఏ ఫామ్‌హౌస్‌లోనైనా డబ్బులు పెట్టి పేకాడితే పోలీసులు రావచ్చు. ఇక క్యాసినో లైసెన్స్ అంటారా, గోవాకో సిక్కింకో పోవాల్సిందే. జూదం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉంది. గోవా 1992లో తన చట్టాన్ని సవరించుకుని ఫైవ్‌స్టార్ హోటళ్లలో స్లాట్ మెషీన్లకి దారిచ్చింది. సిక్కిం 2002లో ఏకంగా క్యాసినో చట్టమే చేసుకుంది. మనకి లైసెన్స్ ఫారమే లేదు.

లేదు కాబట్టి మన దగ్గర గొడవంతా జూదం అంటే ఏంటన్న దాని మీదే నడిచింది. దేశమంతా చెప్పుకునే జవాబు పుట్టింది సికింద్రాబాద్‌లో. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద 1305 ఫసలీ (1895-96) నాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. నిజాం పాలన పోయినా చట్టం మిగిలింది మరి. 1967 నవంబర్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ హిదయతుల్లా తేల్చిందేంటంటే, మూడు ముక్కలాట లాగా రమ్మీ పూర్తిగా అదృష్టం కాదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం. తర్వాత వచ్చిన రమ్మీ యాప్‌లకి ఈ మాట వేదమైంది. కానీ అదే తీర్పులో ఇంకో సగం ఉంది: ఆట మీద క్లబ్బు లాభం చేసుకుంటుంటే నేరం కావచ్చని. అక్కడ దొరికింది మామూలు సిట్టింగ్ చార్జీ, అందుకే వదిలేశారు. ప్రతి ఆటలో కమిషన్ కోసుకునే యాప్‌కి ఆ రెండో సగం ఎందుకు గుర్తురాదో ఊహించుకోవచ్చు.

1974 గేమింగ్ చట్టం కూడా నైపుణ్యం ఆటల జోలికి పోలేదు. మట్కాని, లక్కీ బోర్డుని పేరు పెట్టి మరీ పట్టుకుంది. ఇల్లు, గది, డేరా, బండి, పడవ, ఏదైనా జూదగృహం కావచ్చంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం సైబర్ స్పేస్‌ని కూడా కలిపి, నైపుణ్యం ఉన్నా సరే డబ్బు పెడితే జూదమేనంది. రమ్మీని గెలిపించిన ఊళ్లోనే డబ్బుల రమ్మీ నేరమైంది. 2025లో కేంద్రం ఆన్‌లైన్‌లో డబ్బుల ఆటలని దేశమంతటా నిషేధించింది.

అప్పులపాలైన ఇళ్ల సంగతి విన్నవాణ్ని, నిషేధాన్ని తప్పుపట్టలేను. నాకు మింగుడుపడనిది గుర్రమే. దానికి 1358 ఫసలీ (1948-49) నుంచే పన్ను చట్టం ఉంది. 1996లో మద్రాసు రేసుల కేసులో సుప్రీంకోర్టు దాన్నీ నైపుణ్యమేనంది. 2017లో నైపుణ్యం అన్న సాకు పేకముక్కలకి చెల్లకుండా పోయింది. గుర్రప్పందేల మినహాయింపు మాత్రం అదే చట్టంలో అలాగే ఉంది.