ఇంద్రధనుస్సు రంగుల ఆంగ్ల బోధన: నగరి నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
ప్రాథమిక తరగతుల్లో ఆంగ్ల పదాల బోధన తరచుగా రంగుల పేర్లతో మొదలవుతుంది. ‘విబ్జియార్’ అనే అక్షరక్రమాన్ని పిల్లలు కంఠస్థం చేస్తారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు నగరి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1960లో పొరుగునున్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరినా, నగరిలో తెలుగు, తమిళాలు రెండూ వినిపిస్తూనే ఉన్నాయి. మరమగ్గాలకూ నూలు అద్దకానికీ పేరుపొందిన ఈ పట్టణంలో ఎందరో పిల్లలకు రంగులు పాఠం కన్నా ముందే ఇంటి అనుభవం. ఆ అనుభవానికీ ఆంగ్ల పదాలకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఏడు అనే లెక్క:
ఇంద్రధనుస్సులో రంగుల మధ్య గీతలు లేవు. మొదట ఐదు ప్రధాన వర్ణాలను లెక్కించిన న్యూటన్, సంగీత స్వరాల పోలికతో నారింజ, ఇండిగోలను చేర్చి ఏడుగా స్థిరపరిచాడు. 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ ద్వారా ఆ లెక్క ప్రచారం పొందింది.

3. మన నేల నుంచి వెళ్లిన పదాలు:
న్యూటన్ చేర్చిన ఆ రెండు పేర్లూ భారతదేశంతో ముడిపడినవే. ‘ఇండిగో’కు మూలమైన గ్రీకు పదానికి ‘భారతదేశపుది’ అని అర్థం. కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో నీలిమొక్క విస్తారంగా సాగయ్యేది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి విపణిలోకి వచ్చాక ఆ సాగు క్షీణించింది. సంస్కృత ‘నారంగ’ పారశీక, అరబ్బీల మీదుగా ఐరోపా చేరి ‘ఆరెంజ్’ అయింది.

4. ‘పచ్చ’తో చిక్కు:
తెలుగులో ‘పచ్చ’ పసుపురంగుకూ ఆకురంగుకూ వర్తిస్తుంది. తమిళ ‘పచ్చై’ ఆకురంగు మాత్రమే, పసుపురంగు ‘మంజళ్’. కనుక నగరి తరగతిలో ‘పచ్చ అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకు ఒక విద్యార్థి ‘ఎల్లో’ అని, మరొకరు ‘గ్రీన్’ అని చెబితే ఇద్దరూ తమ ఇంటి భాష ప్రకారం సరిగానే చెప్పినట్లు. దానిని తప్పుగా లెక్కించడం బిడ్డ భాషాజ్ఞానాన్నే తిరస్కరించడం అవుతుంది. ‘పసుపుపచ్చ’, ‘ఆకుపచ్చ’ అనే విడి పదాలతో బోధిస్తే ఈ చిక్కు తొలగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో పసుపు, నీలి రంగులను ఒకదానిపై మరొకటి వేసి ఆకుపచ్చను సాధించే పద్ధతి ఇందుకు చక్కని ఉదాహరణ.

5. ముగింపు:
రంగుల పేర్లు కేవలం అనువాద పదాలు కావు. వాటి వెనుక వాణిజ్యం, వ్యవసాయం, చేతిపనుల చరిత్ర ఉంది. ‘విబ్జియార్’ను వల్లె వేయించడానికి ముందు నూలు చిలపలను చూపి, పిల్లలు వాటిని ఏమని పిలుస్తారో అడిగి, ఆపై ఆంగ్ల పదం చెప్పడం సముచితం. అప్పుడు ‘ఇండిగో’ పరాయి మాటగా కాక, ఈ నేలతో అనుబంధమున్న పదంగా వారికి పరిచయమవుతుంది.