అయస్కాంతపు నలుసునకు గాజుపూత

సూదంటురాయిని ఎంత మెత్తగా నూరినను, ఆ పొడి నీటిలో కొంతసేపు తేలి పిదప అడుగునకు దిగును. దానిని ద్రవమునందు నిలుపు యత్నముతోనే ఈ చరిత్ర ఆరంభమగుచున్నది. 1963 ప్రాంతమున అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాలో స్టీఫెన్ పాపెల్ అను ఇంజనీరు మేగ్నటైటును ఓలియికామ్లముతో గూడ కిరోసినులో చిరకాలము నూరించి, అయస్కాంతమునకు లోబడు ద్రవమును సాధించెను. భారరహిత స్థితిలో రాకెట్టు ఇంధనమును అయస్కాంతముతో ఈడ్చుట ఆతని యాశయము.

నూరు శ్రమను తప్పించినవాడు ఫ్రాన్సు దేశీయుడగు రేనే మాసార్. ఫెర్రిక్ లవణము రెండుపాళ్లు, ఫెర్రస్ లవణము ఒకపాలు నీట కరగించి అమ్మోనియా చేర్చినచో తత్క్షణమే నల్లని మడ్డి యేర్పడును. అందలి కణము సుమారు 10 నానోమీటర్లు. ఈ పద్ధతి 1981లో ప్రకటితమైనది. అయితే ఆ కణము దిగంబరము. గాలి సోకిన ఆక్సీకరణమునకు లోనగును, ఆమ్లము తగిలిన కరగును, ఉప్పునీట ముద్దకట్టును.

కవచము వేరొక త్రోవను వచ్చినది. 1968లో స్టోబర్, ఫింక్, బోన్ అనువారు ఆల్కహాలులో అమ్మోనియా సాయమున సిలికా గోళములను సమపరిమాణమున పెంచు విధమును వెల్లడించిరి. జర్మనీలో కోల్బే 1956లోనే ఈ మార్గమును త్రొక్కియుండెను. పేరు మాత్రము స్టోబరునకు దక్కినది! ఈ రెండు దారులను 1994లో ఫిలిప్సే, ఆతని సహచరులు నెదర్లాండ్సులో కలిపిరి. నగ్నకణము ఆల్కహాలులో గుమిగూడును గనుక, మొదట సోడియం సిలికేటుతో పలుచని పొర వేసి, ఆపైన స్టోబరు విధమున దానిని దట్టము చేసిరి.

పూత పడినదో లేదో కంటికి తెలియదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నల్లని గింజ చుట్టును లేతవలయము కనబడవలెను. ఎక్స్-కిరణములు లోని స్ఫటికమును పట్టిచ్చును. సిలికా స్ఫటికము కాదు గనుక దానికి పరారుణ వర్ణపటము సాక్షి. అయస్కాంత బలము గ్రాముకు తగ్గుట సహజమే, బరువున కొంత గాజు చేరినది గదా! అన్నిటికంటె నిష్కర్షయైన పరీక్ష హైడ్రోక్లోరికామ్లమే: పూతలో సందున్నచో ఇనుము కరగి ద్రవము పసుపెక్కును.

గాఢమైన గ్వానిడిన్ లవణముల సమక్షమున సిలికా న్యూక్లియికామ్లములను అంటిపట్టుకొనునని 1990లో బూమ్ బృందము చూపెను. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు, అనేక పరీక్షాశాలలు రోగి నమూనానుండి ఆర్‌ఎన్‌ఏను వేరుచేసినది ఇట్టి కణములతోనే. అయస్కాంతము గొట్టము ప్రక్కను చేరగనే కణములు గోడనంటును. మలినద్రవమును తీసివేసి, కడిగి, లవణము తక్కువగు నీటిని పోసినచో ఆర్‌ఎన్‌ఏ వాటిని విడిచి వచ్చును.