గాయపడిన కార్మికుని హక్కు

గిడ్డంగిలో బస్తాల వరుసల నడుమ ఫోర్క్‌లిఫ్టు తిరుగుచుండుట మనలో చాలమంది చూచియే యుందురు. దాని ముందుభాగమున రెండు ఇనుప కొమ్ములు, వానిపై సరకు. ఆ బరువునకు సరితూగుటకై వెనుక మరియొక బరువు. మోటారుకారునకు ముందుచక్రములు మలుపు తిరుగును. దీనికి వెనుకచక్రములు తిరుగును. కావున మలుపులో బండి వెనుకభాగము ఒక్కసారిగా పక్కకు విసురుకొని వచ్చును. సరకును ఎత్తుగా లేపి వేగముగా త్రిప్పినచో బండియే ఒరిగిపోవచ్చును. ఎదుటనున్న సరకు నడుపువాని చూపునకు అడ్డము. ఒకనాడు మూలలో నిలిచియున్న హమాలీ కాలు ఆ చక్రము క్రింద నలిగినదనుకొందము. బండి నడిపినవాడు యజమాని కాడు, తోటి కార్మికుడు. ఇక పరిహారము చెల్లింపవలసినది ఎవరు?

ఈ ప్రశ్నకు ఇంగ్లండు న్యాయస్థానములు ఒకప్పుడు చెప్పిన సమాధానము మిక్కిలి కఠినమైనది. అచ్చట ప్రీస్ట్లీ అనువాడు ఫౌలరు అను మాంసపు వర్తకునివద్ద పనిచేయుచుండెను. యజమాని పనిమీద పోవుచుండగా, మితిమీరిన బరువు వేసిన బండి కూలి, అతని తొడ యెముక విరిగెను. జ్యూరీ నూరు పౌనులు ఇప్పించెను. కాని 1837లో లార్డు ఆబింజరు అధ్యక్షతన ఎక్స్‌చెకరు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసెను. పనివారి పొరపాట్లకెల్ల యజమానిని బాధ్యుని చేసినచో ఆ బాధ్యతకు అంతు ఉండదనియు, పని అపాయకరమని తోచినవాడు దానిని నిరాకరింపవచ్చుననియు వారి వాదము. నిరాకరించిన మరునాడు ఆ యింట పొయ్యి ఎట్లు వెలుగునో వారు విచారింపలేదు.

ఈ తీర్పునుండియే 'ఉమ్మడి కొలువు' అను సిద్ధాంతము పెరిగినది. తోటివాని తప్పువలన దెబ్బ తగిలినచో యజమానికి బాధ్యత లేదు. అపాయము తెలిసియు పనిలో చేరినవానికి పరిహారము లేదు. తన అజాగ్రత్త కొంచెమున్నను లేదు. గాయపడినవాని ఎదుట నిలిచిన మూడు గోడలివి.

ఈ గోడలను దాటుటకు జర్మనీ 1884లో ప్రమాద భీమా చట్టము చేసి మార్గము చూపెను. ఇంగ్లండులో జోసెఫ్ చేంబర్లేను పట్టుదలతో 1897 నాటి చట్టము వచ్చెను. రైలుమార్గములు, గనులు, కర్మాగారములతోపాటు రేవులు, గిడ్డంగులు కూడ అందు చేరెను. తప్పు ఎవరిదను ప్రశ్నను ఆ చట్టము వెనుకకు నెట్టి, పని చేయుచుండగా ఆ పనివలన గాయము కలిగినదా అని మాత్రము అడిగెను. ఇందుకు ప్రతిఫలముగా పరిహారమునకు హద్దు ఏర్పడెను: పని చేయలేని కాలమున వారమునకు సగము జీతము, అదియు ఒక పౌనుకు మించకుండ.

మన దేశమున ఈ సూత్రము 1923 నాటి కార్మిక పరిహార చట్టముగా వెలసి, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. 'ఉమ్మడి కొలువు' వాదమును 1938లో వేరొక చట్టము త్రోసిపుచ్చెను. 1923 నాటి చట్టము 2010లో ఉద్యోగుల పరిహార చట్టమని పేరు మార్చుకొని, పిదప 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసినది. కార్మిక రాజ్య భీమా క్రిందనున్న కార్మికునకు 1948 నాటి చట్టము చూపిన వేరొక మార్గము కలదు.

చిత్రమేమనగా, 1897లో ఆ సూత్రము స్థిరపడునాటికి ఫోర్క్‌లిఫ్టు పుట్టనేలేదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున క్లార్కు కంపెనీవారు 1917లో తమ కర్మాగారపు అవసరమునకై చేసికొన్న సరకుబండి దీనికి పూర్వరూపము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున దీని వాడుక విస్తరించెను. యంత్రము క్రొత్తదైనను సూత్రము దానికి సరిపోయినది. ఏలయన ఆ సూత్రము చూచునది యంత్రమును కాదు, మనుష్యుని.

హమాలీని పనిలో పెట్టినది మేస్త్రీ యనియు, తమకు సంబంధము లేదనియు గిడ్డంగివారు పలుకుట కలదు. 1923 నాటి చట్టమే దీనికి బదులు చెప్పినది. తన వ్యాపారములో భాగమైన పనిని గుత్తకు ఇచ్చినను, అసలు యజమాని పరిహారము చెల్లించి, పిదప గుత్తదారునినుండి రాబట్టుకొనవలెను. హక్కును వదలుకొన్నట్లు ముందుగా వ్రాయించుకొన్న కాగితము చెల్లదు. బొటనవ్రేలు పోయినచో నూటికి ముప్పదివంతుల సంపాదనశక్తి పోయినట్లు చట్టపు పట్టిక లెక్కగట్టును. త్రాగిన మత్తులో నుండుట, భద్రతా నియమమును బుద్ధిపూర్వకముగా ధిక్కరించుట వంటివి మినహాయింపులు. మరణమునకు, శాశ్వతమైన పూర్తి వైకల్యమునకు ఆ మినహాయింపులును వర్తింపవు.

అయితే అడుగనివానికి హక్కు తనంత తాను అందదు. గాయము తగిలినంతనే యజమానికి తెలియజేయవలెను. వ్రాతమూలకముగా నైన మేలు. వైద్యుని పత్రములను భద్రపరచవలెను. రెండేండ్లలోపల దావా వేయవలెను. చదువురాని హమాలీకి ఈ మాట చేరవేయుట ఇంట రేడియో గల ప్రతివారికిని సాధ్యమైన పని. ప్రీస్ట్లీకి దక్కనిది నేటి హమాలీకి చట్టరీత్యా దక్కినది. అది కాగితముమీదనే మిగిలిపోకుండ చూచుట మన వంతు.