క్రెడిట్ల బదిలీ: అమెరికా విశ్వవిద్యాలయముల చరిత్రలో ఒక పరిశీలన

ఒక కళాశాలలో రెండు సంవత్సరములు చదివి మరొక కళాశాలకు వెళ్ళిన విద్యార్థి మరల మొదటినుండి చదువవలెనా? మన సెమినరీ విద్యార్థులు మమ్మును తరచుగా అడుగు ప్రశ్న ఇది. నేడు దీనికి సమాధానము 'క్రెడిట్' అను కొలమానముపై ఆధారపడియున్నది. ఆ కొలమానము అమెరికాలో రూపుదిద్దుకొన్నది. ఆ చరిత్రలో ఒక హెబ్రీ పండితుడును, సంఘముల కళాశాలలకు ఎదురైన ఒక శోధనయు ఉన్నందున అది మనకు అంత దూరమైనది కాదు.

విలియం రెయినీ హార్పర్ (1856-1906) ఆమోసు, హోషేయ గ్రంథముల వ్యాఖ్యాతగా మనలో కొందరికి తెలిసినవాడే. చికాగో సమీపమున ఒక బాప్టిస్టు సెమినరీలో బోధించుచున్న దినములలో, తరగతికి రాలేని కాపరులకు ఆయన పోస్టు ద్వారా హెబ్రీ పాఠములు పంపెడివాడు. 1892లో తరగతులు ప్రారంభించిన చికాగో విశ్వవిద్యాలయమునకు ఆయనే మొదటి అధ్యక్షుడు. అక్కడ డిగ్రీ చదువును రెండు భాగములు చేసి, మొదటి రెండు సంవత్సరములకు 1896లో 'జూనియర్ కాలేజి' అని పేరు పెట్టిరి. ఆ మొదటి భాగమును విద్యార్థి తన ఊరిలోనే ముగించి రావచ్చునని హార్పర్ తలంపు. ఆయన ప్రోత్సాహముతో 1901లో ఇల్లినాయిస్ రాష్ట్రములోని జోలియట్ పట్టణపు హైస్కూలులో ఆరుగురు విద్యార్థులతో అట్టి కళాశాల ఆరంభమైనది.

అయితే వేరొకచోట చదివినదానిని దేనితో కొలువవలెను? కొలబద్ద విచిత్రముగా అధ్యాపకుల పింఛను నుండి వచ్చెను. 1905లో ఆండ్రూ కార్నెగీ కళాశాల అధ్యాపకుల పింఛను నిమిత్తము కోటి డాలర్లు ఇచ్చెను. ఏది నిజమైన కళాశాల, ఏది పేరుకు మాత్రమే కళాశాల అని తేల్చుటకు ఆ నిధి కొన్ని నియమములు పెట్టినది. అందులో ఒకటి, ప్రవేశమునకు హైస్కూలులో 14 యూనిట్లు చదివియుండవలెను. ఒక పాఠ్యాంశమును ఏడాదిలో 120 గంటలు చదివిన ఒక యూనిట్. మరియొక నియమము, ఏదేని సంఘశాఖ అధికారము క్రింద నున్న కళాశాలకు పింఛను లేదు. బోడెన్, డ్రేక్ వంటి కళాశాలలు సంఘముతో తమకున్న బంధమును సడలించుకొని ఆ జాబితాలో చేరెను. వారిని తేలికగా నిందించుటకు మేము సిద్ధముగా లేము. జీవితమంతా బోధించి వృద్ధాప్యములో ఆధారము లేక మిగిలినవారు మన మధ్యను లేకపోలేదు.

హైస్కూలుకు పెట్టిన గంటల లెక్కవంటిదే కళాశాలలలోను స్థిరపడినది. వారమునకు ఒక గంట చొప్పున ఒక సెమిస్టరు చదివిన ఒక క్రెడిట్. సాధారణముగా 120 క్రెడిట్లకు డిగ్రీ. ఇట్లు చదువు ఒకచోటి నుండి మరొకచోటికి మోసికొనిపోదగిన నాణెమువంటిదాయెను. కాని ఆ నాణెము కూర్చున్న గంటలను చెప్పును గాని నేర్చినదానిని చెప్పదు. కనుకనే చేర్చుకొను విశ్వవిద్యాలయము పాత కళాశాల గుర్తింపును, సిలబస్‌ను, మార్కులను మరల పరిశీలించును. అంగీకరించుట వేరు, డిగ్రీకి లెక్కించుట వేరు అని ఇక్కడ గమనించవలెను. బైబిలు కళాశాలలో చదివిన పాత నిబంధన పరిచయమును మూడు క్రెడిట్లుగా అంగీకరించి, ఐచ్ఛికాంశముల క్రింద వేసినచో, చరిత్ర ప్రధానాంశముగా చదువువానికి దానివలన ఒక్క పేపరైనను తగ్గకపోవచ్చును. 2004-2009 మధ్య కళాశాల మారిన అమెరికా విద్యార్థులు సగటున 43 శాతము క్రెడిట్లు కోల్పోయిరని అక్కడి ప్రభుత్వ అకౌంటబిలిటీ కార్యాలయము 2017లో అంచనా వేసినది.

ఈ నష్టము బైబిలు కళాశాలల విద్యార్థులకు మరింత తెలిసినది. వారి కళాశాలలలో అనేకమునకు జాతీయ సంస్థల గుర్తింపు మాత్రమే యుండుటవలన, ప్రాంతీయ గుర్తింపుగల విశ్వవిద్యాలయములు వారి క్రెడిట్లను తరచుగా త్రోసిపుచ్చెడివి. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన నిబంధనలతో అమెరికా విద్యాశాఖ ఈ రెండు గుర్తింపుల నడుమ భేదమును తొలగించినది. అయినను, ఏ క్రెడిట్ చెల్లునో నిర్ణయించు అధికారము చేర్చుకొను విశ్వవిద్యాలయమునకే మిగిలినది.

మన దేశములో యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పరచినది. వేర్వేరు సంస్థలలో సంపాదించిన క్రెడిట్లను విద్యార్థి పేరున అందులో దాచవచ్చును. డిగ్రీ ఇచ్చు సంస్థలోనే సగము క్రెడిట్లైనను సంపాదించవలెనన్నది అందలి నియమము.