నీళ్ళ కింద ఇరుగుపొరుగు

సముద్రం అడుగున “ఆంధ్ర” అనే పేరుతో ఒక లోయ ఉందంటే నమ్ముతారా? దానికి తోడు “కృష్ణ”, “మహదేవన్” అని మరి రెండున్నాయి. మూడూ మన కోస్తాకి ఎదురుగా, బంగాళాఖాతంలో నేల వాలుగా దిగిపోయే చోట ఉన్నాయి.

రామంతాపూర్‌లో కూచున్నవాడికి సముద్రం గొడవెందుకని నవ్వకండి. మా పేటకి నీళ్ళంటే చెరువే, నిజమే. కానీ ఆ లోయల సంగతి లోకానికి చెప్పిన వ్యాసం 1964లో ఇండియన్ జియోఫిజికల్ యూనియన్ పత్రిక మొదటి సంపుటంలో అచ్చయింది. ఆ యూనియన్ ఆఫీసు తార్నాక దాటితే వచ్చే ఎన్.జి.ఆర్.ఐ. ఆవరణలోనే ఉంది! యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల కింద రోజూ పొద్దుటే నడిచే మాబోటి వాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వ్యాసం రాసినాయన ఇ.సి. లాఫాండ్ అనే అమెరికన్. 1952లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సముద్రశాస్త్రం నేర్పాడు. మహదేవన్ గారు అక్కడి భూగర్భశాస్త్రాచార్యులు. అంతకుముందు నిజాం రాజ్యపు భూగర్భ సర్వేలో పనిచేసి మన రాళ్ళూ రప్పలూ పరిశీలించినవారు. 1962లో పోయారు. ఆయన పేరు సముద్రంలో ఒక లోయకి నిలిచింది.

అప్పట్లో దేశదేశాల నౌకలు కలిసి హిందూ మహాసముద్రాన్ని గాలిస్తున్నాయి. మన నేవీ నౌక “కిస్నా” కూడా అందులో ఉంది. అమెరికా పంపిన “ఆంటన్ బ్రూన్” ఒకప్పుడు ప్రెసిడెంటు ట్రూమన్ విహారనౌక. 1963లో లాఫాండ్ బంగాళాఖాతంలో తిరిగింది దాని మీదే. నౌక నుంచి కిందికి ఒక శబ్దం పంపుతారు. నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది. అది నేలకి తగిలి తిరిగొచ్చిన వ్యవధిని బట్టి లోతు లెక్క కడతారు. అంటే బావిలో రాయి వేసి చప్పుడు వినడమన్నమాట! లోయ ఉందని తెలుస్తుంది. అందులో కాపురముంటున్నదెవరో తెలియదు.

మరుసటేడు, 1964లో, అదే నౌక ఎక్కింది సిల్వియా ఎర్ల్. ఆవిడకి చప్పుడు విని ఊరుకునే అలవాటు లేదు. 1935లో పుట్టి, పన్నెండో ఏట ఫ్లారిడా చేరి, సముద్రమే పెరడుగా పెరిగిన మనిషి. నాచుమొక్కల మీద పరిశోధన. డెబ్భైమంది మగవాళ్ళతో ఒక ఆడమనిషి ప్రయాణమవుతోందని మొంబాసా పత్రిక పనిగట్టుకుని రాసింది. ఆవిడ మాత్రం గాలి సిలిండరు వీపుకి కట్టుకుని మునిగింది.

తరువాత సముద్రం అడుగున ఇల్లు కట్టి శాస్త్రజ్ఞుల్ని ఉంచే టెక్టైట్ పథకానికి దరఖాస్తు పెట్టింది. అప్పటికే వెయ్యి గంటలకు పైగా నీళ్ళలో గడిపిన అనుభవం. అయినా ఆడా మగా నీళ్ళ కింద ఒకే ఇంట్లో ఉండడమేమిటని పెద్దలు జంకారు. చివరికి 1970లో అయిదుగురు ఆడవాళ్ళనే పంపారు. దుర్యోధనుడికంటే జలస్తంభన విద్య వచ్చు. వీళ్ళు ఏ మంత్రమూ లేకుండా యాభై అడుగుల లోతున రెండు వారాలుండి చేపల దినచర్య రాసుకొచ్చారు. పైకొచ్చాక విలేకరులు అడిగిందేమిటి? లిప్‌స్టిక్ వేసుకున్నారా, జుట్టెలా ఆరబెట్టుకున్నారు అని!

1979లో హవాయి దగ్గర లోహకవచం తొడుక్కుని, 381 మీటర్ల లోతున రెండున్నర గంటలు నడిచింది. పైనున్న ఓడకి ఏ తాడూ లేదు.

అక్కడితో ఆగి ఉంటే సాహసగాథ అయ్యేది. కానీ ఒకసారి చూసిన చోటికే మళ్ళీ మళ్ళీ వెళ్ళే మనిషికి, ఏది తగ్గిపోయిందో ముందు తెలుస్తుంది. పోయినేడు కనిపించిన గుంపు ఈ ఏడు లేదు. పచ్చగా ఉన్న చోట బురద. 1990లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థకి ముఖ్య శాస్త్రజ్ఞురాలైంది. ఆ పదవిలో మొదటి మహిళ ఆవిడే. 2009 నుంచి “మిషన్ బ్లూ” పేరుతో, సముద్రంలో కొన్ని చోట్లనైనా అభయారణ్యాల్లా వదిలిపెట్టమని పోరాటం. చేపని కూరలో ముక్కగా కాక అడవిలో జంతువులా చూడమంటుంది.

పుస్తెలమ్మైనా పులస తినాలనుకునే మనకి ఈ మాట మింగుడు పడదు. వేట మానితే పల్లెవారి పొయ్యి ఎలా వెలుగుతుంది? అదీ న్యాయమైన ప్రశ్నే. అయితే మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట ఆపుతున్నాం కదా. చేప పిల్లలు పెరిగితేనే వలకి రేపు పని ఉంటుంది. చలికాలంలో గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు సంగతీ అంతే. అది ఊపిరికి పైకి రావాలి. మరపడవ వలలో చిక్కితే రాలేక చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. వలలో దానికో దారి వదిలితే బతుకుతుంది.

మా మనవరాలి అట్లాసులో తీరం దాటగానే అంతా నీలం రంగే, ఒక్క పేరూ లేదు. నేను పెన్సిల్‌తో ఆ మూడు లోయల పేర్లూ రాశాను. “అక్కడ ఎవరుంటారు తాతయ్యా?” అని అడిగింది. ముందు ఆ ప్రశ్న పుట్టాలి. పేరు తెలియని వీధిలో ఇల్లు కాలినా మనకి సెగ తగలదు.