తేజ్‌పత్తా వేరు, గార్ వేరు

మన బావర్చీఖానాలో రోజూ కనబడే ఒక ఆకుకి ఎన్ని పేర్లో చూడండి. ఉర్దూలో తేజ్‌పత్తా అంటాం. కిరాణా దుకాణంలో బిర్యానీ ఆకు అని అడుగుతాం. కొన్ని జిల్లాల్లో పలావు ఆకు అంటారు. పాత తెలుగులో ఆకుపత్రి. సౌదీ నుంచో దుబాయి నుంచో మనవాళ్ళు తెచ్చే ప్యాకెట్ల మీద అరబీలో ‘వరఖ్ గార్’ అని ఉంటుంది, ఇంగ్లీషులో బే లీఫ్ అని. మన దుకాణాల్లో తేజ్‌పత్తా ప్యాకెట్ మీద కూడా బే లీఫ్ అనే రాస్తారు. అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. ఇవి రెండు వేర్వేరు చెట్ల ఆకులు. వాసన వేరు, వతన్ వేరు, తారీఖ్ కూడా వేరు.

గుర్తుపట్టడం చాలా ఆసాన్. ఆకుని వెలుతురుకి ఎత్తి చూడండి. కాడ దగ్గర నుంచి కొస దాకా మూడు ఈనెలు పొడవుగా పక్కపక్కనే సాగితే అది తేజ్‌పత్తా. నడుమ ఒకటే ఈనె ఉండి, దానికి రెండు వైపులా చిన్న ఈనెలు చీలితే అది గార్, అంటే లారెల్. తేజ్‌పత్తాది దాల్చిన్ చెట్టు జాతి, అందుకే నలిపితే దాల్చిన్, లవంగ్ ఖుష్బూ వస్తుంది. గార్ ఆకు నలిపితే కాస్త యూకలిప్టస్ వాసన. రెండూ ఒకే పెద్ద ఖాన్‌దాన్‌వే గానీ, ఘరానాలు వేరు.

తేజ్‌పత్తా వతన్ హిమాలయాల దిగువ కొండలు: ఉత్తరాఖండ్, నేపాల్, అస్సాం, మేఘాలయ. ఉత్తరాఖండ్ తేజ్‌పత్తాకి 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఈ ఆకు సఫర్ రెండు వేల ఏళ్ళ కిందటే మొదలైంది. సంస్కృతంలో దీన్ని తమాలపత్రం అన్నారు. గ్రీకు వ్యాపారుల నోట్లో పడి అది మలబత్రాన్ అయింది. మొదటి శతాబ్దంలో రాసిన ‘పెరిప్లస్’ అనే సముద్ర వ్యాపార కితాబులో, గంగా తీరం నుంచీ కేరళ ఓడరేవుల నుంచీ ఈ ఆకు పడమటి దేశాలకు వెళ్ళేదని ఉంది. రోమ్‌లో దాన్ని వంటలో వాడారు, దాని నూనెతో ఇత్తర్లు కూడా చేశారు.

ఆకు అంత దూరం చేరింది గానీ, చెట్టు ఎలా ఉంటుందో అక్కడివాళ్ళకు తెలియదు. గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్, ఇది హింద్ దేశపు చిత్తడి నీళ్ళ మీద వేర్లు లేకుండా తేలే మొక్క అని రాసేశాడు! తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇస్తిఫాన్ ఇబ్న్ బసీల్ ఆయన కితాబుని అరబీలోకి తర్జుమా చేశాడు. దాన్ని సరిదిద్దినవాడు హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్. మలబత్రాన్‌కి అరబీ హకీములు వాడిన పేరు సాజజ్. మన దేశం నుంచి వచ్చేది సాజజ్ హిందీ. ఇప్పటికీ యునానీ నుస్ఖాల్లో తేజ్‌పత్తాని ఆ పేరుతోనే రాస్తారు. అంటే మన ఇంటి ఆకు గ్రీకు దేశం పోయి, బాగ్దాద్ మీదుగా, అరబీ పేరు పెట్టుకుని తిరిగి మన హకీము గారి దవాఖానాకే వచ్చిందన్నమాట.

ఇక గార్ సంగతి. ఈ చెట్టు షామ్, తుర్కీ, గ్రీసు తీరాలది. గ్రీకులూ రోమన్లూ గెలిచినవాళ్ళ తలకి దీని కొమ్మల కిరీటం పెట్టేవారు. నోబెల్ పొందినవాళ్ళని ఈనాటికీ లారియేట్ అనడం ఆ రివాజు నుంచి వచ్చిందే. అరబీలో గార్ అంటే గుహ కూడా. గారె హిరా, గారె సౌర్ మనకి తెలిసినవే. రాత ఒకటే, మానీ వేరు. ఇబ్న్ సీనా ‘అల్ ఖానూన్’లోనూ, 1248లో దమిష్క్‌లో వఫాత్ అయిన ఇబ్న్ బైతార్ పెద్ద కితాబులోనూ గార్‌కీ సాజజ్‌కీ వేర్వేరు చోట్లు ఉన్నాయి. ఆ హకీములు ఎప్పుడో విడదీసి చూపిన రెండు ఆకుల్ని ప్యాకెట్ మీద ఒక ఇంగ్లీషు పేరు మళ్ళీ కలిపేసింది.

గార్‌కి అసలు షాన్ తెచ్చింది హలబ్ షహర్ సబ్బు. ఈ చెట్టు నల్లని కాయల్ని నీళ్ళలో ఉడికిస్తే పైకి ముదురాకుపచ్చ నూనె తేలుతుంది. జైతూన్ నూనెని క్షారంతో పెద్ద డేగ్‌లో రోజుల తరబడి మరిగించి, చివర్లో ఈ గార్ నూనె కలుపుతారు. వేడి ముద్దని నేల మీద పరిచి, చల్లారాక కోసి, ముద్ర కొట్టి, గాలి ఆడేలా నెలల కొద్దీ పేర్చి ఉంచుతారు. పైన బంగారు రంగు వస్తుంది, లోపల పచ్చగానే ఉంటుంది. పాతరోజుల్లో క్షారం కోసం మొక్కల్ని కాల్చిన బూడిద వాడేవారు. దాని అరబీ పేరు అల్ ఖలీ నుంచే ఇంగ్లీషు ఆల్కలీ పుట్టింది.

2012 నుంచి 2016 దాకా హలబ్‌లో జంగ్ జరిగింది. సబ్బు కార్ఖానాలు దెబ్బతిన్నాయి. ఎందరో ఉస్తాదులు తుర్కీకి హిజ్రత్ చేసి అక్కడే డేగ్‌లు పెట్టుకున్నారు. 2023 ఫిబ్రవరిలో భూకంపం హలబ్‌నీ, తుర్కీలో గార్ చెట్లున్న అంతాకియా ఇలాఖానీ రెండింటినీ కుదిపేసింది. అయినా హునర్ చావలేదు. 2024 డిసెంబర్‌లో యునెస్కో హలబ్ గార్ సబ్బు తయారీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇల్లు కూలినా చేతిలో ఉన్న విద్య మిగులుతుంది. ఆ సబ్బు చేతికి దొరికితే నాకు ముందు ఆ ఉస్తాదులే గుర్తొస్తారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. బగారా ఖానాకైనా ఖోర్మాకైనా తేజ్‌పత్తానే వాడండి. నూనె వేడెక్కాక షాజీరా, లవంగ్, ఇలాయిచీతో పాటు వేస్తే ఖుష్బూ నూనెలోకి దిగుతుంది. గార్ ఆకు నెమ్మదిగా వాసన వదులుతుంది కాబట్టి చాలాసేపు మరిగే షోర్బాకి, యఖ్నీకి బాగుంటుంది. ఏదైనా సరే, వడ్డించే ముందు ఆకు తీసేయండి. ఉడికినా అది మెత్తబడదు, పిల్లల గొంతులో ఇరుక్కునే ఖత్రా ఉంది. వెలుతురు తగలని మూత డబ్బాలో దాచండి. వాసన పోయిన ఆకు వేసినా ఫాయిదా లేదు. బియ్యం డబ్బాలో నాలుగు ఆకులు వేయడం మన దాదీ, నానీల అలవాటు. మంచిదే గానీ, బియ్యం తడి లేకుండా ఉండటమే అసలు కాపలా.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ ఆకు మీద కోరిక రాసి కాలిస్తే రిజ్ఖ్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్, ఆకు కాదు. ఈ ఆకు ఖహ్వా తాగితే షుగర్ గోలీలు అక్కర్లేదని ఇంకొకటి. నాకు తెలిసిన ఒక పెద్దాయన అలాగే నమ్మి గోలీలు మానేసి దవాఖానాలో చేరాల్సి వచ్చింది. ఇబ్న్ సీనా లాంటివాళ్ళు ఒక్కో దినుసు మిజాజ్ ఏమిటో, దేనికి పనికొస్తుందో ఆలోచించి రాశారు. వాళ్ళ పేరు చెప్పుకునే మనం ఎవరో పంపిన నాలుగు లైన్లు చదివి ఇలాజ్ మార్చుకోకూడదు. ఖహ్వా ఇష్టమైతే తాగండి, గోలీ మాత్రం డాక్టరు చెప్పినట్టే వేసుకోండి. తేజ్‌పత్తా డేగ్‌లో చేసే పని తక్కువేమీ కాదు.