పిల్లల తెర వీక్షణ, నియంత్రణ బాధ్యత: చారిత్రక పరిశీలన (1952-2023)

వ్యాస సంగ్రహం:
పిల్లలు తెర ముందు గడిపే సమయాన్ని తల్లిదండ్రులు పరిమితం చేయాలా అన్నది నేటి కుటుంబాలను వేధిస్తున్న ప్రశ్న. దీనికి వైద్యం, మనోవిజ్ఞానం వైపు నుంచి సమాధానాలు వెలువడుతున్నాయి. చారిత్రక దృష్టితో చూసినప్పుడు మరో ప్రశ్న ఎదురవుతుంది: ఆ పరిమితిని ఇంతకుముందు ఎవరు విధించారు? సినిమాహాలు, సామూహిక టెలివిజన్, దూరదర్శన్, ఉపగ్రహ ఛానెళ్లు, చరవాణి అనే దశల మీదుగా నియంత్రణ బాధ్యత సంస్థల నుంచి ఇంటికి ఎలా బదిలీ అయిందో తెలుగు ప్రాంతాల అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: తెర వీక్షణ, బాల్యం, సినిమాటోగ్రాఫ్ చట్టం, సైట్ ప్రయోగం, దూరదర్శన్, ఆన్‌లైన్ బోధన, తల్లిదండ్రుల బాధ్యత.

1. ఉపోద్ఘాతం:
"మా కాలంలో ఇలా లేదు" అనే మాట తెర వీక్షణ చర్చలో తరచుగా వినిపిస్తుంది. పూర్వతరం తల్లిదండ్రులు క్రమశిక్షణ పాటించారనీ, నేటి తల్లిదండ్రులు దానిని వదిలేశారనీ ఆ మాటలోని ధ్వని. చారిత్రక ఆధారాలు ఈ భావనను పూర్తిగా సమర్థించవు. తెర వీక్షణపై నియంత్రణను మూడు విధాలుగా విభజించవచ్చు: తెర దగ్గరకు ఎవరు రావచ్చు, ఏమి చూడవచ్చు, ఎంతసేపు చూడవచ్చు. మొదటి రెండింటిని చట్టం చూసుకుంది. మూడవదానిని చాలాకాలం ప్రసార వ్యవస్థ పరిమితులే నిర్ణయించాయి.

2. సినిమాహాలు - ద్వారం దగ్గరి నియంత్రణ:
తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) కథానాయకుడే బాలుడు. 1936లో బాలనటులతో 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' వచ్చాయి. పిల్లలు తెరకు మొదటి నుంచీ దగ్గరివారేనని వీటివల్ల తెలుస్తుంది. అయితే సినిమాకు 'ఆట' అనే కాలపరిమితి ఉంది. ఆట ముగిస్తే ప్రేక్షకుడు లేచి ఇంటికి వెళ్లవలసిందే. టిక్కెట్టు ధర, హాలు దూరం కూడా పరిమితులే.

సినిమాటోగ్రాఫ్ చట్టం (1952) పెద్దలకు మాత్రమే అని ధ్రువీకరించిన చిత్రాలను 18 ఏళ్లలోపు వారికి చూపడాన్ని నిషేధించింది. ఉల్లంఘన జరిగితే శిక్షార్హుడు ప్రదర్శకుడు. అంటే పిల్లవాణ్ణి ఆపవలసిన బాధ్యత హాలు ద్వారం దగ్గర ఉంది. 1983లో అమలులోకి వచ్చిన సవరణతో 'యూఏ' అనే వర్గం ఏర్పడింది. 12 ఏళ్లలోపు పిల్లలు ఆ చిత్రాన్ని చూడవచ్చా అన్నది తల్లిదండ్రులో సంరక్షకులో ఆలోచించుకోవాలని ఈ వర్గం అప్పట్లో సూచించింది. ద్వారపాలకుని పనిలో కొంత భాగం ఇంటికి చేరిన సందర్భంగా ఈ సవరణను గుర్తించాలి.

3. సైట్ ప్రయోగం - ఇరవై రెండున్నర నిమిషాల తెర:
1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) ఈ చరిత్రలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు రోజుకు నాలుగు గంటల ప్రసారం అందింది. అందులో ఉదయం గంటన్నర బడిపిల్లలకు కేటాయించారు. హిందీ, కన్నడ, ఒరియా, తెలుగు భాషల మధ్య ఆ వ్యవధిని పంచగా ఒక్కొక్క భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు దక్కాయి.

గ్రామంలో సామూహిక టీవీ పెట్టె ఒక్కటే. దానిని బడి వంటి ఉమ్మడి స్థలంలో ఉంచేవారు. పిల్లలు దానిని కలిసి చూశారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఎంతసేపు అన్న నాలుగు ప్రశ్నలకూ సమాధానం ముందే సిద్ధంగా ఉంది. తల్లిదండ్రులు కొత్తగా నిర్ణయించవలసింది దాదాపు ఏమీ లేదు.

అయినా ఈ దశను ఆదర్శంగా చిత్రించడం సరికాదు. ఇరవై రెండున్నర నిమిషాలు బాలల ఆరోగ్యాన్ని లెక్కగట్టి పెట్టిన హద్దు కాదు. ఒకే ఉపగ్రహాన్ని నాలుగు భాషలు పంచుకోవడం వల్ల ఏర్పడిన హద్దు అది. పైగా ఏడాది ముగియగానే ఉపగ్రహం అందుబాటులో లేకుండా పోయింది. ఇక్కడ మితం, కొరత ఒకే నాణేనికి రెండు ముఖాలు.

4. దూరదర్శన్ నుంచి కేబుల్ వరకు:
1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. టీవీ క్రమంగా ఇంటిలోకి వచ్చింది కానీ ప్రసార వేళలు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. 1987-88లో ఆదివారం ఉదయం 'రామాయణ్' ధారావాహిక కోసం ఇరుగుపొరుగులు ఒక్కచోట చేరారు. ధారావాహిక ముగిశాక మళ్లీ వారం ఆగాలి. ఆ నిరీక్షణే సహజమైన నియంత్రణ.

1990లలో కేబుల్ వ్యాపించడంతోనూ, 1995లో జెమిని, ఈటీవీ వంటి తెలుగు ఛానెళ్లు రావడంతోనూ ఈ స్థితి మారింది. ఒక కార్యక్రమం ముగిస్తే మరొక ఛానెల్ సిద్ధం. టీవీ కట్టేయడం అనే పని ఇంట్లోవారిపై పడింది. పరీక్షల కాలంలో కేబుల్ కనెక్షన్ తీయించడం అనేక ఇళ్లలో ఆనవాయితీ అయింది. అయినా పెట్టె నడింట్లో ఉండేది. పిల్లవాడు ఏమి చూస్తున్నాడో వంటింట్లో ఉన్న తల్లికి వినిపించేది.

5. చరవాణి, 2020 సంక్షోభం:
చరవాణి ఆ చివరి ఆధారాన్ని కూడా తొలగించింది. తెర అరచేతిలోకి చేరింది. ప్రసార వేళలు లేవు. ఒక వీడియో ముగియకముందే మరొకటి వరుసలో నిలుస్తుంది.

రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, 2-4 ఏళ్ల వారికి రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మరుసటి ఏడాదే కోవిడ్ కారణంగా బడులు మూతపడ్డాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ద్వారా 'విద్యామృతం' ప్రసారమైంది. 2020 జూలైలో కేంద్రం విడుదల చేసిన 'ప్రజ్ఞత' మార్గదర్శకాలు 1-8 తరగతులకు రోజుకు 30-45 నిమిషాల చొప్పున రెండు, 9-12 తరగతులకు నాలుగు ఆన్‌లైన్ తరగతులకు మించరాదని పేర్కొన్నాయి. బోధన మరో రూపంలో ఉన్నా, సైట్ నాటి బడి గడియారం కొంతవరకు తిరిగి వచ్చినట్లే. అయితే ఈసారి పక్కన ఉపాధ్యాయుడు లేడు. పాఠం ముగిశాక ఫోను పిల్లవాడి చేతిలోనే ఉంది.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంపిణీ అయ్యాయి. తెర వినోద వస్తువే కాక పాఠ్య సామగ్రి కూడా అయినప్పుడు 'ఇక చాలు' అనే తల్లి మాటకు మునుపటి బలం ఉండదు. పిల్లవాడు చదువుతున్నాడా, ఆడుతున్నాడా అన్నది దూరం నుంచి తెలియదు. కూలిపనికి వెళ్లే తల్లిదండ్రులకు అది అసలే తెలియదు.

6. చట్టం - తల్లిదండ్రులు:
2021 నాటి సమాచార సాంకేతిక నియమాలు ఓటీటీ వేదికలు వయోవర్గీకరణ పాటించాలనీ, 13 ఏళ్లు, ఆపై వర్గాల కార్యక్రమాలకు తల్లిదండ్రులు వాడదగిన తాళం కల్పించాలనీ నిర్దేశించాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచార వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసింది. పిల్లలను లక్ష్యంగా చేసుకునే ప్రకటనలను నిషేధించింది. ఈ చివరి అంశం భారాన్ని మళ్లీ సంస్థపై మోపుతుంది కనుక విలువైనది. తాళం, సమ్మతి మాత్రం ఫోను గురించి పిల్లల కంటే తల్లిదండ్రులకే ఎక్కువ తెలుసన్న ఊహపై నిలిచాయి. అనేక గృహాలలో వాస్తవం ఇందుకు భిన్నం.

7. ముగింపు:
పై పరిశీలన ఆధారంగా కింది నిర్ధారణలకు రావచ్చు.

• పూర్వతరం పిల్లలు తక్కువగా చూడటానికి తల్లిదండ్రుల క్రమశిక్షణ ఒక్కటే కారణం కాదు. ఆట ముగింపు, ప్రసార వేళ, ఉమ్మడి పెట్టె ఆ పని చేశాయి.

• 1983 'యూఏ' నుంచి 2023 చట్టం వరకు తల్లిదండ్రుల పాత్ర పెరుగుతూ వచ్చింది. అదే కాలంలో వారికి తోడుగా ఉన్న వ్యవస్థాగత హద్దులు తరిగిపోయాయి.

• తల్లిదండ్రులు పరిమితి విధించాలి. పసితనంలో అది మరీ అవసరం. కానీ నిమిషాల లెక్క ఒక్కటే పరిమితి కాదు. వేళ, స్థలం, తోడు కలిసినప్పుడే అది నిలుస్తుందని సైట్ అనుభవం సూచిస్తోంది.

• నాటి మితం కొరత నుంచి పుట్టింది. సమృద్ధి మధ్య మితాన్ని ఎంచుకోవలసిన తొలి తరం నేటి తల్లిదండ్రులది. బడి, ప్రభుత్వం, వేదికలు తమ వాటాను మోయకుండా ఆ భారాన్ని ఇంటికే వదిలేస్తే, వైఫల్యాన్ని తల్లిదండ్రుల ఖాతాలో మాత్రమే రాయడం చారిత్రకంగా న్యాయం కాదు.